పాఠం కింద ఆఖరి ప్రశ్న

మిట్టకండ్రిగ,
సత్యవేడు మండలం.
జూన్ నెలాఖరు.

పాఠం రాసిన నందిని టీచరమ్మకు,

నా పేరు అలివేలమ్మ. వయసు ఆధార్ కార్డులో డెబ్బై అయిదు. నా మోకాళ్లను అడిగితే ఇంకా పైనే చెబుతాయి. మొగుడు మునస్వామి పోయి చాలా కాలమైంది. కొడుకు మునిప్రసాద్‌కు తడ దగ్గర కంపెనీలో పని. కోడలు, అయిదో తరగతి చదివే మనవరాలు రూపశ్రీ, నేను, రెండు మేకలు. ఇదీ మా ఇల్లు. నాకు చదువు రాదు. నేను చెబుతుంటే పక్కింటి రూతు రాస్తోంది. రూతు అంగన్‌వాడీలో పనిచేస్తుంది. నా మాటను బడి తెలుగులోకి తిప్పి రాస్తుంది. తిట్లు వదిలేస్తోంది. వదలొద్దంటే వినడం లేదు.

"ఫోన్ నంబరు పుస్తకం ఎనకాల ఉండాది పెద్దమ్మా, ఒక్క మాట మాట్లాడితే అయిపోతాది గదా" అంది రూతు. ఫోన్లో మాట గాలికి పోతుంది. మీ మాట కాగితం మీద ఉంది. నా మాట కూడా కాగితం మీదే ఉండాలి.

సంగతి చెబుతాను. బడి తెరిచాక రూపశ్రీ ఒక రంగుల పుస్తకం తెచ్చింది. కథలు చదవడం, కథలో ఏమేమి ఉంటాయో నేర్చుకోవడం దాని పని అట. అరుగు మీద కూర్చుని గట్టిగా చదువుతోంది. నేను చింతపండు గింజలు తీస్తున్నాను. ఒక పిల్లాడు అమ్మ మాట వినకుండా బావి దగ్గరికి పోయాడట. బావిలో ఉన్న దెయ్యం వాడి కాలు పట్టి లోపలికి లాగిందట. వాడు దేవుణ్ణి తలుచుకుంటే వదిలేసిందట. వాడి కాలి వెండి కడియం మాత్రం దాని చేతిలో ఉండిపోయిందట. ఆ దెయ్యానికి మీరొక పేరు పెట్టారు. ఆ పేరు విన్నాక నా చేతిలో చింతపండు ఎక్కడ పడిందో నాకు తెలియదు.

ఆ పేరు నా చెల్లెలిది. ఆ బావి మా ఊరి కపిల బావి, ఎద్దులతో నీళ్లు తోడిన బావి. నా చెల్లెలు అందులోనే పోయింది. అంతవరకు నిజం. మిగతాది ఎవరు చెప్పారు మీకు?

కథ కింద ఇంకా ఉంది. ప్రధాన పాత్ర ఎవరంటే ఆ పిల్లాడట. ప్రతినాయిక ఎవరంటే నా చెల్లెలట. "ప్రతినాయిక అంటే ఏమే?" అని అడిగాను. "చెడ్డది అవ్వా. మంచోళ్లకి అడ్డం వచ్చేది" అంది రూపశ్రీ. నీతి అని ఒకటి పెట్టారు: పెద్దల మాట వినని పిల్లలకు ఇలాగే జరుగుతుంది. నా చెల్లెలు పెద్దల మాట విని అక్కడికి పోయింది టీచరమ్మా. వినకుండా ఉంటే ఈ రోజు నాలాగా మోకాళ్ల నొప్పులు పడుతూ ఉండేది.

జూలై నడుమ ఆడి నెల పుడుతుంది, ఆ లోపల ఆ పాఠం పుస్తకంలో నుంచి పోవాలి. చించుతారో, మీద కాగితం అంటిస్తారో మీ ఇష్టం. నేను అడుక్కోవడం లేదు.

అలివేలమ్మ వేలిముద్ర.
రాసింది రూతు.


తిరుపతి,
జూలై మొదటివారం.

పూజ్యులైన అలివేలమ్మ గారికి,

నమస్కారాలు. మీ ఉత్తరం చాలా శ్రద్ధగా చదివాను. మీ మనసుకు కష్టం కలిగినందుకు బాధపడుతున్నాను.

ఈ చిన్న పుస్తకం తయారుచేసింది మేం కొందరు ఉపాధ్యాయులం. పిల్లలు కథను చదివి వదిలేయకుండా పాత్రలు ఎవరు, నేపథ్యం ఏమిటి, సంఘర్షణ ఎక్కడ మొదలైంది, పతాక సన్నివేశం ఏది అని ఆలోచించాలని మా ఆశ. ఆ మాటలు ఊరికే చెబితే పిల్లలకు ఎక్కవు. కొంచెం భయం ఉన్న కథ అయితే తరగతి మొత్తం కళ్లు పెద్దవి చేసుకుని వింటుంది. అందుకే ‘కుప్పి బావి’ పెట్టాను.

అమ్మా, అది కల్పిత కథ. కుప్పి అన్నది ఒక పాత్ర మాత్రమే. మీ చెల్లెలి పేరూ అదే కావడం కాకతాళీయం. బావులున్న ప్రతి ఊరిలోనూ ఇలాంటి కథ ఒకటి ఉంటుంది కదా. నేను చిన్నప్పుడు మా ఇంట్లో విన్నదాన్నే పిల్లల భాషలో రాశాను. మళ్లీ అచ్చు వేసేటప్పుడు కుప్పి పేరు తప్పకుండా మారుస్తాను. ఇప్పటికే బడులకు చేరిన పుస్తకాలను వెనక్కి తెప్పించడం నా చేతుల్లో లేదు.

మీ మనవరాలు గట్టిగా చదువుతోందని రాశారు. చాలా సంతోషం. తనకు నా ఆశీస్సులు.

ఇట్లు,
నందిని.


మిట్టకండ్రిగ,
ఆడి నెల పుట్టే ముందు.

నందిని టీచరమ్మకు,

మీ జాబు రూతు చదివి వినిపించింది. నా చెల్లెలి పేరు వచ్చిన చోటల్లా మింగేసి చదివింది. పక్కింటిది, వేరే దేవుణ్ణి మొక్కేది, దానికి ఉన్న మర్యాద మీకు లేకపోయింది. మీకు తెలియదు కాబట్టి ఈ ఒక్కసారికి పోనీ అంటున్నాను. ఇప్పుడు తెలుసుకోండి.

పెళ్లి కాకుండా పోయిన ఆడపిల్లను మా ఇళ్లలో కన్నెమ్మ అంటాం. ఇంటి మూలలో వెదురు గంప పెట్టి, అందులో ఆమె పావడ, గాజులు ఉంచుతాం. ఆడి నెల మూడో శుక్రవారం కొత్త పావడ పెట్టి, పొంగలి వండి, ఇంటి పెద్ద ఆడది గడపలో నిలబడి ఆమెను పేరు పెట్టి పిలుస్తుంది. ఏడాదికి ఆ ఒక్కసారే. మిగతా రోజుల్లో ఆ పేరు ఎవరూ పలకరు. పలికితే వస్తుంది. వచ్చాక ఆకలి అంటుంది. పెట్టేవాళ్లు లేకుండా పిలవకూడదు. ఆమె తినేది ఎలాగంటే, ఊళ్లో ఆడపిల్లలు వచ్చి ఆకుల ముందు కూర్చుని తింటారు. వాళ్ల నోటితోనే ఆమె తింటుంది. ముందు మా అమ్మ పిలిచేది, తరువాత నేను పిలుస్తున్నాను. తెల్లారి గంప మూత తీస్తే కొత్త పావడ అంచు తడిగా ఉంటుంది. నమ్మితే నమ్మండి. నమ్మకపోతే నేను కోర్టుకు పోయి నమ్మించబోవడం లేదు.

ఇప్పుడు మీ పాఠం చదివిన పిల్లలు బడి వదలగానే ఆ బావి దగ్గరికి పోతున్నారు. బావి ఎండిపోయి కంప కప్పుకుని ఉంది. అందులోకి రాళ్లు వేసి ఆ పేరు పెట్టి అరిచి పరుగెత్తి వస్తున్నారు. రోజూ. నేను ఇంట్లో కూర్చుని వింటున్నాను. పిలిచిన చోటికే కదా ఎవరైనా పోయేది. ఆమె బావి దగ్గరికి పోతుంది, అక్కడ ఎవరూ ఉండరు. మళ్లీ పిలుస్తారు, మళ్లీ పోతుంది. ఆ పిల్ల కాళ్లు ఎంత తిరిగాయో మీకేం తెలుసు.

ఈ ఏడాది ఆకు ముందు కూర్చోవడానికి పిల్లల్ని పిలవబోయాను. "ఏమనుకోవద్దు అలివేలవ్వా, మా పాప బెదురుకుంటా ఉండాది" అంది ఒకతి. "మా పిల్లకు ఆ దినం పరీచ్చ" అంది ఇంకొకతి. శుక్రవారం సాయంత్రం ఏ బడిలో పరీక్ష పెడతారో మీరే చెప్పాలి. వాళ్ల వరకు ఎందుకు, మా రూపశ్రీయే గంప ఉన్న గదిలోకి రావడం లేదు. పసిబిడ్డగా ఆ గంపను పట్టుకునే నిలబడ్డం నేర్చుకుంది అది. ఇప్పుడు వాకిట్లో నిలబడి, "అవ్వా, ఆమి నా కాలు పట్టుకుంటాదా?" అని అడిగింది.

కల్పితం అన్నారు. కాకతాళీయం అన్నారు. ఆ మాటకు అర్థం రూతు చెప్పింది. అయితే కడియం ఎక్కడిది? పిల్లాడి కడియం పోయిందన్న సంగతి మా ఊళ్లో ఇప్పుడున్న వాళ్లకు కూడా తెలియదు. దాన్ని నా చెల్లెలి పిడికిట్లో నుంచి తీసింది మా అమ్మ. అది మా గంపలో ఉంది. లోపల చిన్న చంద్రవంక చెక్కి ఉంటుంది.

మీ ఇంట్లో విన్నాను అని రాశారు. ఇంట్లో అంటే ఎవరి నోట? మీ నాయన పేరు రాసి పంపండి.

అలివేలమ్మ వేలిముద్ర.
రాసింది రూతు.

రూతు నుంచి: మేడమ్, పెద్దమ్మకు తెలియకుండా ఇది రాస్తున్నాను. ఆమె పిల్లలు అరిచే వేళకు పోయి బావి గట్టున కూర్చుంటోంది. అక్కడ చాలా వాలుగా ఉంటుంది. మీరు త్వరగా జవాబు రాయండి.


తిరుపతి,
జూలై మూడోవారం.

అలివేలమ్మ గారికి,

మా నాయన పేరు బాలచంద్ర. మీ ఊరిలో ఆ బావి ఉన్న మడి మా తాతగారిదని నాయన ఇప్పుడే చెప్పాడు. నాయనకు ఏడో ఏడు రాకముందే అమ్మేసి తిరుపతికి వచ్చేశారని మాత్రం నాకు తెలుసు. ఏ ఊరో ఇన్నాళ్లూ నేను అడగలేదు. మీ మొదటి ఉత్తరం వచ్చిన రోజే నాకు అనుమానం కలిగింది. అయినా కాకతాళీయం అని రాశాను. క్షమించమని అడగడానికి ఇంకా సమయం రాలేదని తెలుసు. ఈ ఉత్తరంలో మీ చెల్లెలి పేరు రాయడం లేదు.

మీ రెండో ఉత్తరం ఆయనకు చదివి వినిపించాను. చంద్రవంక అన్న మాట దగ్గర ఆయన చెయ్యి కిందికి పోయి కుడికాలి మడమ పట్టుకుంది. ఆయనకు తెలియకుండానే. చాలాసేపు వదల్లేదు.

మీకు కొన్ని సంగతులు చెప్పాలి. మా నాయన మంచం మీద ఎప్పుడూ కాళ్లు ముడుచుకునే పడుకుంటాడు. కుర్చీలో కూడా కాళ్లు పైన పెట్టుకుని కూర్చుంటాడు. తిరుమలకు ఎన్నిసార్లు పోయినా పుష్కరిణిలో దిగలేదు, నీళ్లు తల మీద చల్లుకుని వచ్చేస్తాడు. మేము చిన్నప్పుడు నవ్వేవాళ్లం. మా అవ్వ నవ్వనిచ్చేది కాదు. ఆమే మాకు ఈ కథ చెప్పేది. నాయన చిన్నతనంలో నీళ్ల వైపు అడుగేస్తే చాలు, "ఆ పిల్ల పట్టుకుంటాది" అనేదట. చెప్పి చెప్పి ఆమె ఆ పిల్లకు పళ్లు పెట్టింది, గోళ్లు పెట్టింది. నేను పాఠం పెట్టాను.

నాయన తనకు గుర్తున్నదని చెప్పేది ఒక్కటే. నీళ్లలో ఉన్నాడట. కింది నుంచి ఒక చెయ్యి వచ్చి కాలు పట్టుకుందట. ఆ పట్టు ఇప్పటికీ తెలుస్తుందట.

నా పాఠం కింద ఆఖరి ప్రశ్న ఒకటి ఉంది, మీరు విన్నారో లేదో. ‘ఈ కథను ఎవరు చెబుతున్నారు? ఇంకొకరు చెబితే ఎలా ఉంటుంది?’ కథ చెప్పేవాణ్ణి కథకుడు అంటారనీ, వాడు నిలబడిన చోటును బట్టి కథ మారుతుందనీ, దాన్ని దృక్కోణం అంటారనీ పిల్లలకు నేర్పడానికి రాశాను. రాసిన నేను మాత్రం ఆ ప్రశ్న మా ఇంట్లో ఎవరినీ అడగలేదు.

ఇప్పుడు మిమ్మల్ని అడుగుతున్నాను. ఆ రోజు ఏం జరిగింది?

నందిని.


మిట్టకండ్రిగ,
ఆడి మొదటి శుక్రవారం.

నందినికి,

ఇక టీచరమ్మా అనను. నువ్వు బాలు కూతురివి. మీ నాయన ముక్కు కారుతుంటే నా పావడతో తుడిచాను, నిన్ను నువ్వు అనడానికి అది చాలు.

అడిగావు కాబట్టి చెబుతాను. దృక్కోణమో ఇంకొకటో, నేను బావి పైన ఉన్నాను. మీ నాయన మధ్యలో ఉన్నాడు. నా చెల్లెలు కింద ఉంది. కింద ఉన్న మనిషి చెప్పదు కాబట్టి పైన ఉన్నదాన్ని నేను చెబుతున్నాను.

ఎండాకాలం. మా నాయన మీ తాత మడిలో కపిల తోలేవాడు. మధ్యాహ్నం ఎద్దుల్ని విప్పి నీడకు తోలుకుపోయాడు. మేమిద్దరం నాయనకు సంగటి తెచ్చి మేకల్ని చూసుకుంటున్నాం. మీ అవ్వ కొట్టంలో వేరుశనగ ఒలిపిస్తోంది. అక్కడి నుంచే కేకేసి నా చెల్లెలికి చెప్పింది: "పిల్లోడు బాయి తట్టుకు పోతా ఉండాడు, సూసుకోవే." ఇదే ఆ పెద్దల మాట. ఇది మీ నీతిలో లేదు.

చెల్లెలు పోయేసరికే వాడు జారాడు. ఆ బావికి మెట్లు విరిగిపోయి ఉండేవి. అది ఆలోచించలేదు. పావడ ఎగ్గట్టి దూకేసింది. మాకు ఈత వచ్చు. బెండు కట్టుకుని ఆ బావిలోనే నేర్చుకున్నాం. నేను గట్టు మీద బోర్లా పడుకుని చేతులు చాపాను. ఆ ఏడు ఎండాకాలంలోనూ నీళ్లు పైదాకా ఉండేవి, తేటగా, అద్దం మాదిరి. అడుగున ఉన్న రాళ్లు కనిపిస్తున్నాయి. నా చెల్లెలి జడ విడిపోయి నీళ్లలో విచ్చుకోవడం కూడా కనిపించింది. ఆమె మునిగి, వాడి కిందికి పోయి, వాడి పాదాల్ని రెండు చేతుల్లో పెట్టుకుని పైకి ఎత్తింది. ఒకసారి అందలేదు. ఆమె పైకి వచ్చి గాలి పీల్చుకుని, నన్ను చూసి, "అక్కా, వొంగు" అంది. మళ్లీ మునిగింది. ఈసారి ఇంకా పైకి ఎత్తింది. వాడి మణికట్లు నా చేతికి దొరికాయి.

మీ నాయనకు ఇప్పటికీ తెలుస్తున్న పట్టు అది. లాగిన పట్టు కాదు. ఎత్తిన పట్టు. వాడు చిన్నవాడు, నీళ్లు మింగి ఉన్నాడు. కింది నుంచి పట్టుకున్నది ఏదైనా లాగడానికే అనుకున్నాడు. వాడి తప్పు కాదు. ఆ తరువాత తెలిసిన పెద్దవాళ్లు చెప్పి ఉండాలి. చెప్పలేదు. పిల్లాణ్ణి చూసుకోమని పరాయి ఇంటి బిడ్డను పంపి ఆ బిడ్డను పోగొట్టాం అని చెప్పుకోవడం కంటే, దెయ్యం అని చెప్పడం మీ అవ్వకు సులువుగా ఉంది.

నా రెండు చేతుల్లోనూ మీ నాయన ఉన్నాడు. వాణ్ణి గట్టు మీదికి లాగి, మళ్లీ లోపలికి చూస్తే నీళ్లు కదలడం లేదు. వాడి మణికట్లు నాకు దొరకడానికీ, నేను మళ్లీ లోపలికి చూడడానికీ మధ్యలో ఇంకొక సంగతి ఉంది. అది నేను మా అమ్మకు చెప్పలేదు, మునస్వామికి చెప్పలేదు. ఇప్పుడూ చెప్పను. "రాయమంటావా?" అని రూతు కలం పట్టుకుని చూస్తోంది. రాయొద్దన్నాను.

ఇప్పుడు నాకు కావలసింది విను. కాగితం అంటించడం ఇక చాలదు. మూడో శుక్రవారం నువ్వు మా ఊరికి రా. ఆ రోజు బడిలో అయిదో తరగతి పిల్లల ముందు నిలబడి, నీ కథ తప్పు అని నీ నోటితో చెప్పు. నీకు ఆడపిల్ల ఉందా? ఉంటే వెంట తీసుకునిరా. సాయంత్రం నా చెల్లెలి ఆకు ముందు ఆ పిల్ల కూర్చుని తినాలి. ఎవరి ఇంట్లో ఆమెను దెయ్యం చేశారో ఆ ఇంటి పిల్ల తినాలి. అప్పుడు మా ఊరి పిల్లలు వస్తారు. రాకపోయినా ఆమెకు అన్నం దొరుకుతుంది.

భయమైతే రావద్దు. కానీ భయమని రాయి. పరీక్ష అని రాయొద్దు.

అలివేలమ్మ వేలిముద్ర.
రాసింది రూతు.


తిరుపతి,
జూలై చివరివారం.

అలివేలమ్మ పెద్దమ్మకు,

భయమని రాయమన్నారు. రాస్తున్నాను. నాకు భయంగా ఉంది. నాకు లోహిత అని ఒక్కతే కూతురు, మీ రూపశ్రీ వయసే. కథల్లో దెయ్యాలుండవని తరగతిలో చెప్పేదాన్ని నేనే. అయినా మీ ఉత్తరం చదివాక దాన్ని గదిలో ఒంటరిగా వదల్లేకపోయాను. లోహితను అడిగాను, అంతా చెప్పి. అది "ఆ అక్క తాతను ఎత్తింది కదా, నన్నెందుకు లాగుతుంది?" అంది. మేం వస్తున్నాం. బడిలో చెబుతాను. ‘ప్రతినాయిక’ అన్న మాట ఇక ఏ పుస్తకంలోనూ ఆమె పక్కన ఉండదు.

మీ ఉత్తరాన్ని నాయనకు చదివాను. ఎత్తిన పట్టు అన్న చోట ఆయన ఆపమన్నాడు. మళ్లీ చదవమన్నాడు. మళ్లీ ఆపమన్నాడు. ఆ రోజు అన్నం తినలేదు. మరునాడు కుర్చీలో కాళ్లు కిందికి వదిలి కూర్చున్నాడు. నేను పుట్టాక అలా కూర్చోవడం చూడలేదు. నేల మీద ఆనిన పాదాల్ని ఎవరివో చూసినట్టు చూస్తూ నాతో అన్న మాట ఉన్నదున్నట్టు రాస్తున్నాను.

"నందినీ, అలివేలక్కని ఒకటి అడుగు. ఆ చేతులు నన్ను ఎత్తేటప్పుడు నా కాళ్లు ఊరికే ఉండినాయా, తన్నినాయా? ఆయమ్మ పైనుంచి సూసింటాది."

ఆ జవాబు వచ్చేదాకా మీ ఊరికి రాలేనంటున్నాడు. మీరు రాయొద్దన్న సంగతి ఇదేనేమోనని నాకు అనిపిస్తోంది. అయితే నాకు చెప్పకండి. ఆయనకే రాయండి.

మీ
నందిని.


మిట్టకండ్రిగ,
ఆడి రెండో శుక్రవారం దాటాక.

చిరంజీవి బాలచంద్రకు అలివేలక్క రాయించేది,

నాయనా బాలూ, నీకు మనవరాలు కూడా ఉందట. సంతోషం.

నువ్వు అడిగినదానికి జవాబు చెబుతున్నాను. ఆ రోజు నీళ్లు కలకబారి ఉన్నాయి. మట్టి లేచింది. పైన ఉన్న నాకు నీ తల, నీ చేతులు తప్ప ఏమీ కనిపించలేదు. కాళ్ల సంగతి నాకు తెలియదు.

ఇక్కడ రూతు కలం ఆపింది. "ముందు జాబులో అద్దం మాదిరి తేటగా ఉండినాయని రాపిచ్చినావే పెద్దమ్మా" అంది. అది నువ్వే తప్పుగా రాశావు అన్నాను. "నేను తప్పు రాసేదాన్నా? రాళ్లు కనపడినాయి అన్లా నువ్వు? జడ కనపడింది అన్లా?" అని నా మీదికి వచ్చింది. కలక అని రాయవే అన్నాను. రాసింది. మొహం మాత్రం మాడ్చుకుని రాసింది. ఈ మాటలు కూడా రాస్తోంది, వద్దంటే వినడం లేదు.

బాలూ, నేను చాలామందిని తిట్టాను. మీ అమ్మను తిట్టిన తిట్లకు లెక్క లేదు. నిన్ను మాత్రం ఏ రోజూ తిట్టలేదు. ఆ పిల్ల తన ఊపిరి పెట్టి పైకి ఎత్తినదాన్ని నేను కింద పడేస్తానా? నిన్ను తిడితే ఆమె చేసిన పని వృథా.

రా. కాళ్లు చాపుకుని కూర్చోవడానికి మా ఇంట్లో మంచం ఉంది. నీ కడియం కావాలంటే ఇస్తాను. నీకు ఇప్పుడది మణికట్టుకు కూడా పట్టదు.

అలివేలమ్మ వేలిముద్ర.
రాసింది రూతు. కలక అన్న మాట పెద్దమ్మది.


మిట్టకండ్రిగ,
ఆడి మూడో శుక్రవారానికి మరునాడు.

అయిదో తరగతి పిల్లలకు, మీ పుస్తకంలో ఆ పాఠం మీద అంటించుకోవడానికి,

నా పేరు అలివేలమ్మ. మీలో సగం మందికి నేను అవ్వను, మిగతా సగానికి మేకలు తోలే ముసలిదాన్ని. మీ పాఠం కింద ఆఖరి ప్రశ్నకు మీలో ఎవరూ జవాబు రాయలేదని రూపశ్రీ చెప్పింది. నేను రాయిస్తున్నాను. కథ రాసిన టీచరమ్మ నిన్న మీ బడికి వచ్చి, నేను కథను ఒక వైపు నుంచే విన్నాను అని చెప్పింది కదా. రెండో వైపు ఇది.

కథలో ప్రధాన పాత్ర ఆ ఆడపిల్ల. ఆమె బావిలో పుట్టలేదు, మా ఇంట్లో పుట్టింది. ఉల్లిపాయ లేకుండా సంగటి తినేది కాదు. ఒక పిల్లాడు నీళ్లలో పడితే దూకి, కింది నుంచి వాణ్ణి ఎత్తి నా చేతికిచ్చింది. వాడు బతికాడు. ఆమె బతకలేదు. ప్రతినాయకులు ఎవరూ లేరు. నేపథ్యం ఆ బావే, దాంట్లో రాళ్లు వేయొద్దు. నీతి కావాలంటే మీరే రాసుకోండి, నా దగ్గర లేదు. కథకురాలు నేను.

నిన్న సాయంత్రం మా ఇంట్లో లోహిత అనే పిల్ల ఆకు ముందు కూర్చుని తిన్నది. మీలో కొందరు కిటికీలో నుంచి చూశారు, నాకు తెలుసు. ఆ పిల్లకు ఏమీ కాలేదు. పాయసం మళ్లీ అడిగింది. దాన్ని చూసి రూపశ్రీ వచ్చి పక్కన కూర్చుంది. తరువాత కిటికీ దగ్గర ఉన్నవాళ్లలో కూడా కొందరు వచ్చారు. రానివాళ్లు వచ్చే ఏడు రండి.

గడపలో నిలబడి నేను నా చెల్లెల్ని పేరు పెట్టి పిలిచాను. కుప్పమ్మా అని. నా వెనకాల ఇంకొక గొంతు కూడా పిలిచింది, మగ గొంతు. మా ఆచారంలో మగవాళ్లు పిలవరు. నేను ఆపలేదు. పిలిచినవాడు పొంగలి ముద్దను గడప దగ్గర పెట్టి, కాళ్లు వాకిట్లోకి చాపుకుని కూర్చున్నాడు. తడి నేల మీద, చెప్పులు లేకుండా. ఎవరో వచ్చి పట్టుకుంటారని ఎదురుచూసినట్టు కూర్చున్నాడు.

ఈ పొద్దున గంప మూత తీశాం. పావడ అంచు తడిగా ఉంది. రూపశ్రీ, లోహిత ఇద్దరూ ముట్టుకుని చూశారు. కావాలంటే వాళ్లను అడగండి. కడియం గంపలోనే ఉంది. దాని యజమాని తీసుకోలేదు. అక్కడే ఉండనీ అన్నాడు.

ఇక మీద ఆమెను ఎవరూ బావి దగ్గర పిలవొద్దు. ఆమెకు ఇల్లుంది.

ఆమె ఎందుకు పైకి రాలేకపోయిందని మీలో ఎవరైనా అడుగుతారు. ఆ రోజు నీళ్లు కలకబారి ఉన్నాయి. నాకు ఏమీ కనిపించలేదు. ఎవరు ఎప్పుడు అడిగినా నా జవాబు ఇదే.

అలివేలమ్మ, ఎడమచేతి బొటనవేలి ముద్ర.

సాక్షులు:

రూతు, పక్కిల్లు. వేలిముద్ర పెద్దమ్మదే అన్నంతవరకే నేను సాక్షిని.

నందిని, ఆ పాఠం రాసిన మనిషి.

బాలచంద్ర, ఆ పిల్లాడు. నీళ్లు తేటగానే ఉండినాయి, అక్కా.